మూడు గంటల దూరం - ఒక పరిశీలన

మస్కట్‌లో నివసించే తెలుగువారిని హైదరాబాదు ఎంత దూరమని అడిగితే, దాదాపు అందరూ తడుముకోకుండా చెప్పే సమాధానం “మూడు గంటలు” అని. దూరాన్ని కాలంతో కొలిచే ఈ అలవాటు కొత్తదేమీ కాదు. మోటారు బండ్లు రాని రోజులలో తెలుగు పల్లెలలో “పూట నడక”, “రెండు రోజుల బండి దారి” అనే మాటలు వాడుకలో ఉండేవి. ఐతే ఆనాటి కొలతకూ ఈనాటి కొలతకూ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. పూట నడక అంటే ఒక ఇంటి గడప దాటి మరొక ఇంటి గడప తొక్కేవరకు పట్టే కాలం. మూడు గంటలంటే ఒక విమానాశ్రయం నుండి మరొక విమానాశ్రయానికి పట్టే కాలం మాత్రమే. గడపల సంగతి అందులో లేదు.

ఇది కేవలం మాటల పట్టింపు కాదు. “ఎంతలో ఉన్నాం, కబురు చేస్తే మూడు గంటల్లో వచ్చి వాలుతాం” అని స్వదేశంలోని వృద్ధులైన తల్లిదండ్రులకు ధైర్యం చెప్పే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ధైర్యంతోనే ఈ ఏడు కాకపోతే మరుసటి ఏడు అని ప్రయాణాలు వాయిదా పడుతుంటాయి. నిజంగా కబురు వచ్చిన రాత్రి ఆ మూడు గంటలు కాస్తా పదమూడు గంటలై, ఒక్కొక్కప్పుడు మూడు రోజులై, చివరి చూపు దక్కకుండా పోయిన సందర్భాలు ప్రవాసుల ఇళ్ళలో అరుదు కావు. అందుచేత దూరమంటే ఏమిటి, ప్రయాణకాలమంటే ఏమిటి, ఈ రెండింటికీ గల సంబంధం ఎంత అనే విషయాన్ని శాస్త్రీయంగా పరిశీలించడం అవసరం. పిల్లలకు భూగోళ, గణిత, భౌతిక శాస్త్రాలను కలగలిపి నేర్పడానికి కూడా ప్రవాస కుటుంబాలకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

భూగోళం మీద దూరం

గోళాకారంలో ఉన్న భూమి మీద రెండు స్థలాల నడుమ అతి దగ్గరి దారి తిన్నని గీత కాదు. భూకేంద్రమే తన కేంద్రంగా, ఆ రెండు స్థలాల గుండా గీచిన వృత్తంలోని ఒక ముక్క అది. దీనిని మహావృత్త మార్గమంటారు. మస్కట్ విమానాశ్రయం 23.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 58.3 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. శంషాబాదులోని హైదరాబాదు విమానాశ్రయం 17.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.4 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. ఈ నాలుగు అంకెలను గోళ త్రికోణమితి సూత్రంలో ప్రతిక్షేపిస్తే, భూకేంద్రం నుండి చూసినప్పుడు ఈ రెండు స్థలాల నడుమ కోణం 19.9 డిగ్రీలని తేలుతుంది. మహావృత్తం మీద ఒక డిగ్రీకి సుమారు 111.2 కిలోమీటర్లు. కాబట్టి దూరం దాదాపు 2,213 కిలోమీటర్లు.

సూత్రం తెలియని చిన్న పిల్లలకు గ్లోబు, దారం చాలు. 30 సెంటీమీటర్ల వ్యాసం గల గ్లోబు మీద మస్కట్ నుండి హైదరాబాదుకు దారాన్ని బిగించి పట్టి కొలిస్తే ఐదు సెంటీమీటర్లకు కొంచెం పైన వస్తుంది. ఆ దారం కింద ఏ ఊళ్ళున్నాయో చూసినవారికి ఒక ఆశ్చర్యకరమైన సంగతి గోచరిస్తుంది. దారం అరేబియా సముద్రాన్ని దాటి దాదాపు ముంబయి నగరం మీదుగా పోతుంది. మస్కట్ నుండి ముంబయికి సుమారు 1,590 కిలోమీటర్లు. ముంబయి నుండి హైదరాబాదుకు సుమారు 620 కిలోమీటర్లు. రెండూ కలిపితే 2,210 కిలోమీటర్ల చిల్లర. అంటే ముంబయిలో దిగి వెళ్ళినా, నేరుగా వెళ్ళినా ఆకాశంలో దూరం ఇంచుమించు ఒక్కటే.

ఇప్పుడు పెద్దవారు తమ పాత ప్రయాణాలను జ్ఞాపకం చేసుకోవచ్చు. నేరుగా విమానాలు లేని కాలంలో గల్ఫ్ నుండి వచ్చే తెలుగువారికి బొంబాయి తప్పని మజిలీ. సహార్‌లో దిగి, కస్టమ్స్ దాటి, పెట్టెలు మోసుకొని శాంతాక్రజ్‌కు పోయి దేశీయ విమానం కోసం పడిగాపులు పడేవారు కొందరు. రైలు పట్టుకొని రాత్రంతా ప్రయాణం చేసి సికిందరాబాదులో దిగేవారు మరికొందరు. అదే గీత, అవే కిలోమీటర్లు. కాని అప్పుడు పట్టినది ఒక రోజు, ఒక్కొక్కసారి రెండు రోజులు. దూరంలో ఇసుమంతైనా మార్పు లేకుండానే కాలం ఎనిమిది, పది రెట్లు మారిపోయింది.

రసాయనశాస్త్రం చదివేవారు దీనిని సులభంగా గ్రహించగలరు. ఉష్ణగతిక శాస్త్రంలో రాశులు రెండు రకాలు. కొన్ని ఆరంభ స్థితి మీద, అంతిమ స్థితి మీద మాత్రమే ఆధారపడతాయి; నడుమ ఏ దారిన పోయినా వాటి విలువ మారదు. వీటిని స్థితి ప్రమేయాలంటారు. మరికొన్ని పోయిన దారిని బట్టి మారుతాయి. ఇవి మార్గ ప్రమేయాలు. రెండు ఊళ్ళ నడుమ మహావృత్త దూరం మొదటి కోవకు చెందినది; ప్రయాణకాలం రెండవ కోవకు చెందినది. “మూడు గంటల దూరం” అన్నప్పుడు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం జరుగుతున్నది. తికమకకు మూలం అక్కడే ఉన్నది.

చదునైన పటాలు ఈ తికమకను మరింత పెంచుతాయి. దక్షిణ ఒమన్‌లోని సలాలా, హైదరాబాదు ఇంచుమించు ఒకే అక్షాంశం మీద, 17 డిగ్రీల ఉత్తరాన ఉన్నాయి. రెండింటి నడుమ రేఖాంశ భేదం 24 డిగ్రీలకు పైచిలుకు. అక్షాంశ రేఖ వెంబడి నేరుగా తూర్పుకు పోతే సుమారు 2,586 కిలోమీటర్లు. మహావృత్తం మీద పోతే రెండు కిలోమీటర్లు మాత్రమే తక్కువ. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాలలో పటం చెప్పేదానికీ గోళం చెప్పేదానికీ పెద్దగా తేడా ఉండదన్నమాట. యూరపుకు పోయేసరికి పరిస్థితి మారుతుంది. నార్వేలోని ఓస్లో, ఫిన్లాండులోని హెల్సింకి విమానాశ్రయాలు రెండూ 60 డిగ్రీల అక్షాంశానికి చేరువలో, దాదాపు 14 డిగ్రీల రేఖాంశ భేదంతో ఉన్నాయి. వాటి నడుమ దూరం సుమారు 770 కిలోమీటర్లు. అదే 14 డిగ్రీల భేదం హైదరాబాదు అక్షాంశం మీద దాదాపు 1,490 కిలోమీటర్లు అవుతుంది. గోడ మీది పటంలో మాత్రం రెండూ ఒకే పొడవున కనిపిస్తాయి. గల్ఫ్‌లో కొన్నేళ్ళుండి యూరపుకు తరలిపోయిన కుటుంబాల పిల్లలు పటం మీద వేలు పెట్టి దూరాలు అంచనా కట్టేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గడియారం పెట్టే తికమక

టిక్కెట్టు మీద బయలుదేరే వేళ ఒక దేశపు గడియారాన్ని బట్టి, చేరే వేళ మరొక దేశపు గడియారాన్ని బట్టి ముద్రిస్తారు. ఉదాహరణకు మస్కట్‌లో రాత్రి 10 గంటలకు బయలుదేరిన విమానం హైదరాబాదులో తెల్లవారుజామున 2 గంటల 40 నిమిషాలకు దిగిందనుకుందాం. తిరుగు ప్రయాణంలో హైదరాబాదులో ఉదయం 4 గంటలకు బయలుదేరి మస్కట్‌లో 6 గంటలకు దిగిందనుకుందాం. చూడడానికి పోయేటప్పుడు 4 గంటల 40 నిమిషాలు, వచ్చేటప్పుడు 2 గంటలు. స్వదేశం దూరమై, పరదేశం దగ్గరైనట్లు కనిపించే వింత ఇది!

ఈ చిక్కును విప్పడానికి ఒక సులభమైన ఉపాయం ఉన్నది. రెండు తేడాలనూ కలిపితే 6 గంటల 40 నిమిషాలు వస్తుంది. పోయేటప్పుడు అదనంగా చేరిన గడియారపు తేడా, వచ్చేటప్పుడు అంతే తగ్గుతుంది కనుక, కూడికలో అది దానంతట అదే కొట్టుకుపోతుంది. అందులో సగం, 3 గంటల 20 నిమిషాలు, ఒక్కొక్క ప్రయాణానికి సగటు కాలం. రెండు దేశాల కాలభేదం ఎంతో తెలియని పిల్లవాడు సైతం ఈ లెక్క చేయగలడు.

కాలభేదం తెలిస్తే మరొక మెట్టు ఎక్కవచ్చు. ఒమన్ గడియారం 60 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తుంది. భారతదేశపు గడియారం 82½ డిగ్రీల రేఖాంశాన్ని, అంటే కాకినాడ సమీపంగా పోయే రేఖను అనుసరిస్తుంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. 22½ డిగ్రీలకు 90 నిమిషాలు. రెండు దేశాలలోనూ వేసవిలో గడియారాలను ముందుకు జరిపే పద్ధతి లేదు. కావున ఈ గంటన్నర తేడా ఏడాది పొడుగునా స్థిరంగా ఉంటుంది. పై ఉదాహరణలో ఈ గంటన్నరను సవరిస్తే, తూర్పుకు పోయే ప్రయాణం 3 గంటల 10 నిమిషాలు, పడమరకు వచ్చే ప్రయాణం 3 గంటల 30 నిమిషాలు అవుతాయి. దూరం ఒక్కటే, విమానం ఒక్కటే. మరి ఈ ఇరవై నిమిషాల తేడా ఎక్కడిది?

గాలి తీసుకునే సుంకం

విమానం గాలిలో ఈదుతుంది. గాలి కదులుతూ ఉంటే దానితోపాటు విమానమూ కదులుతుంది. మొత్తం దూరాన్ని 3 గంటల 10 నిమిషాలతో భాగిస్తే సగటు వేగం గంటకు సుమారు 699 కిలోమీటర్లు. 3 గంటల 30 నిమిషాలతో భాగిస్తే సుమారు 632 కిలోమీటర్లు. రెండింటి భేదంలో సగం, గంటకు సుమారు 33 కిలోమీటర్లు, దారి పొడుగునా వీచిన పడమటి గాలి సగటు వేగానికి ఒక స్థూలమైన అంచనా. విమానాల వేళలలో నేల మీద కదిలే కాలం, సంస్థలు ముందుజాగ్రత్తగా కలుపుకునే నిమిషాలు కూడా చేరి ఉంటాయి కనుక దీనిని కచ్చితమైన కొలతగా భావించరాదు. ఐనప్పటికీ, టిక్కెట్టు మీది నాలుగు వేళల నుండి పది కిలోమీటర్ల ఎత్తున వీచే గాలి వేగాన్ని ఊహించగలగడం విద్యార్థికి కలిగించే ఆనందం తక్కువది కాదు.

శీతాకాలంలో ఉత్తర భారతం, అరేబియా ప్రాంతాల మీదుగా 25 నుండి 30 డిగ్రీల అక్షాంశాల నడుమ, సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున, పడమటి నుండి తూర్పుకు ఒక బలమైన వాయుప్రవాహం సాగుతుంది. దీనిని ఉపోష్ణ పశ్చిమ జెట్ ప్రవాహమంటారు. మస్కట్ దీని అంచుకు చేరువలో ఉన్నది. అందుచేత ఆ నెలలలో హైదరాబాదుకు పోయే విమానానికి ఈ గాలి తోడుగా నిలుస్తుంది. తిరిగి వచ్చే విమానానికి ఎదురు నిలుస్తుంది.

వర్షాకాలంలో ఆకాశం తీరు వేరు. జూన్ నుండి సెప్టెంబరు వరకు దక్షిణ భారతం మీద, 14 నుండి 16 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు నుండి పడమరకు ఒక జెట్ ప్రవాహం వీస్తుంది. వేసవిలో టిబెట్ పీఠభూమి వేడెక్కి, దాని మీది గాలి దక్షిణాన ఉన్న గాలికన్నా వెచ్చబడడం ఇందుకు ముఖ్యకారణం. ఈ తూర్పు జెట్ ప్రవాహాన్ని గుర్తించి, 1958లో ‘టెల్లస్’ అనే శాస్త్ర పత్రికలో సవివరంగా వర్ణించిన శాస్త్రజ్ఞుడు పి. కోటేశ్వరం. తరువాత ఆయన భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. విమానాలు సాధారణంగా ఈ ప్రవాహపు నడిగర్భానికి దిగువనే ఎగురుతాయి. ఐనా దాని ప్రభావం వల్ల వర్షాకాలంలో పోకరాకల కాలభేదం తగ్గుతుంది, ఒక్కొక్క రోజు తారుమారైనా కావచ్చు. ప్రపంచ వాతావరణ శాస్త్రంలో స్థిరమైన స్థానం పొందిన ఈ ఆవిష్కరణ వెనుక ఒక తెలుగువాడు ఉన్నాడని ప్రవాసాంధ్ర బాలబాలికలకు తెలియజేయడం పెద్దల విధి.

గాలి విషయంలో ఇంకొక సూక్ష్మం ఉన్నది. పోయేటప్పుడు గాలి తోడైతే, వచ్చేటప్పుడు అదే గాలి ఎదురైతే, లాభనష్టాలు సరికి సరి అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 2,100 కిలోమీటర్ల దూరాన్ని గాలి లేనప్పుడు గంటకు 700 కిలోమీటర్ల వేగంతో పోయి వస్తే ఆరు గంటలు పడుతుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలి వీస్తుంటే, 800 వేగంతో పోవడానికి 2 గంటల 37½ నిమిషాలు, 600 వేగంతో రావడానికి 3 గంటల 30 నిమిషాలు. మొత్తం 6 గంటల 7½ నిమిషాలు. ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది కనుక గాలి ఇచ్చినదానికన్నా తీసుకున్నదే ఎక్కువ.

గాలికి లోబడడం ఒమన్ తీరానికి అనాదిగా తెలిసిన విద్యే. మస్కట్‌లో అల్ బుస్తాన్ కూడలిలో నిలిపిన ‘సొహార్’ అనే ఓడను ఇక్కడి పిల్లలందరూ చూసే ఉంటారు. ప్రాచీన పద్ధతిలో మేకులు లేకుండా, పలకలను కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టి, సూర్ పట్టణంలో దానిని నిర్మించారు. 1980 నవంబరులో మస్కట్‌లో బయలుదేరిన ఆ ఓడ 1981 జూలైలో చైనాలోని కాంటన్ రేవు చేరింది. ఋతుపవనం అనుకూలించేవరకు రేవులో నిరీక్షించడం ఆ నావికుల ప్రయాణకాలంలో భాగం. వారి లెక్కలో నిరీక్షణ కూడా దారియే.

వేగానికి ప్రకృతి గీచిన గీత

విమానాల వేగం పెరిగితే ఈ సమస్యలన్నీ తీరిపోతాయని ఆశించేవారు ఉండవచ్చు. చరిత్ర అందుకు అనుకూలంగా లేదు. 1958లో ప్రయాణికుల సేవలో ప్రవేశించిన బోయింగ్ 707కన్నా, నేడు గల్ఫ్ నుండి భారతదేశానికి ఎగిరే బోయింగ్ 737 వేగమైనది కాదు. అరువది సంవత్సరాలకు పైగా విమానాలు మరింత సురక్షితమైనాయి, ఇంధనాన్ని పొదుపు చేయడం నేర్చాయి. వేగం మాత్రం ఉన్నచోటనే ఉన్నది.

ఇందుకు కారణం ధ్వని వేగం. వాయువులో ధ్వని వేగం పరమ ఉష్ణోగ్రత వర్గమూలానికి అనుపాతంగా ఉంటుంది. నేల మీద 20 డిగ్రీల సెల్సియస్ వద్ద అది సెకనుకు 343 మీటర్లు. పదకొండు కిలోమీటర్ల ఎత్తున, సున్నాకు దిగువ 56 డిగ్రీల చలిలో, సెకనుకు సుమారు 295 మీటర్లు. అంటే గంటకు దాదాపు 1,060 కిలోమీటర్లు. విమానం వేగం ఇందులో ఐదింట నాలుగు వంతులు దాటితే, రెక్క మీదుగా పోయే గాలి కొన్నిచోట్ల ధ్వని వేగాన్ని మించుతుంది. అక్కడ ఆఘాత తరంగాలు పుట్టి, గాలి నిరోధం హఠాత్తుగా పెరుగుతుంది. ఇంధనం ఖర్చు భరించరానిదవుతుంది. అందుకే ప్రయాణికుల విమానాలు గంటకు సుమారు 830 నుండి 900 కిలోమీటర్ల నడుమ ఆగిపోయాయి.

ఈ గీతను దాటిన కాంకార్డ్ విమానానికి గల్ఫ్‌తో సంబంధం ఉన్నది. 1976 జనవరి 21న బ్రిటిష్ ఎయిర్‌వేస్ సంస్థ దానిని తొలిసారిగా నడిపినది లండన్, బహ్రెయిన్‌ల నడుమనే. ధ్వనికి రెట్టింపు వేగంతో పోయే ఆ విమానం 2003లో శాశ్వతంగా నేలకు దిగింది. అటువంటిది మస్కట్, హైదరాబాదుల నడుమ తిరిగినా మిగిలేది గంటన్నర మాత్రమే. ఆ గంటన్నర మొత్తం ప్రయాణంలో ఎంత భాగమన్నది ఇప్పుడు చూడవలసిన విషయం.

అన్నింటికన్నా నిదానమైన మెట్టు

ఒక రసాయన చర్య అనేక మెట్లుగా జరిగేటప్పుడు, మొత్తం చర్య ఎంత వేగంగా సాగుతుందో నిర్ణయించేది అన్నింటికన్నా నిదానమైన మెట్టు. దీనిని వేగ నిర్ణాయక దశ అంటారు. తక్కిన మెట్లను ఎంత త్వరపరచినా ఫలితం స్వల్పం. ఉత్ప్రేరకం పనిచేయవలసినది నిదానమైన మెట్టు మీదనే. ప్రయోగశాలలో పనిచేసేవారు మొట్టమొదట వెదికేది దీనినే.

సొహార్ పట్టణంలో పనిచేసే ఒక వ్యక్తి కరీంనగరంలోని తన ఇంటికి బయలుదేరాడనుకుందాం. సొహార్ నుండి మస్కట్ విమానాశ్రయం సుమారు 200 కిలోమీటర్లు, రెండు గంటలు. విమానం వేళకు మూడు గంటల ముందు చేరాలి. ఆకాశంలో 3 గంటల 10 నిమిషాలు. శంషాబాదులో పాస్‌పోర్టు తనిఖీ, సామాను, కస్టమ్స్ కలిపి ఒక గంట. విమానాశ్రయం నగరానికి దక్షిణాన, కరీంనగరం ఉత్తరాన ఉన్నాయి. ఆ దారికి నాలుగు గంటలు. మొత్తం 13 గంటల 10 నిమిషాలు. అందులో విమానం ఎగిరిన కాలం నాలుగవ వంతుకు లోపే. విమానం వేగం పదోవంతు పెరిగినా కలిసివచ్చేది సుమారు పదిహేడు నిమిషాలే. మొత్తం మీద అది నూటికి రెండు పాళ్ళు. ఈ చర్యలో విమానయానం అతివేగమైన మెట్టు. నిదానమైన మెట్లన్నీ నేల మీదనే ఉన్నాయి.

పైగా ఈ పదమూడు గంటలు అంతా సవ్యంగా జరిగినప్పటి మాట. సెలవు మంజూరు కావాలి. పాస్‌పోర్టు గడువులో ఉండాలి. ఆ రాత్రి టిక్కెట్టు దొరకాలి, దానికి డబ్బు చేతిలో ఉండాలి. ఈ మెట్లలో ఏ ఒక్కటి తడబడినా గంటల స్థానంలో రోజులు వచ్చి కూర్చుంటాయి. 2020 మార్చిలో ఇది లోకమంతటికీ తెలిసివచ్చింది. ఆ నెలలో భారతదేశం అంతర్జాతీయ విమానాల రాకపోకలను నిలిపివేసింది. మే నెలలో ‘వందే భారత్’ పేరిట ప్రత్యేక విమానాలు మొదలయ్యేవరకు గల్ఫ్ నుండి స్వదేశానికి దారి మూతపడింది. క్రమబద్ధమైన రాకపోకలు తిరిగి ఆరంభమైనది 2022 మార్చి 27న. ఆ రోజులలోనూ మస్కట్, హైదరాబాదుల నడుమ 2,213 కిలోమీటర్లే. ఒక్క కిలోమీటరు పెరగలేదు.

అన్నింటికన్నా బాధాకరమైన ఉదాహరణ ఈ గడ్డ మీద కన్నుమూసిన శ్రామికుని భౌతికకాయం. విమానంలో దానికీ మూడు గంటల చిల్లరే పడుతుంది. కాని వైద్యుని ధ్రువపత్రం, పోలీసు అనుమతి, రాయబార కార్యాలయపు పత్రం, యజమాని సంతకం, విమానంలో చోటు - ఇవన్నీ సమకూడేవరకు శవపేటిక రోజుల తరబడి నిరీక్షిస్తుంది. కరీంనగరం, నిజామాబాదు ప్రాంతాల పల్లెలలో అన్ని రోజులూ పొయ్యి వెలిగించని ఇళ్ళుంటాయి. వారికి హైదరాబాదు మూడు గంటల దూరమని చెప్పడం సత్యమూ కాదు, న్యాయమూ కాదు.

చేయదగిన పనులు

విజయవాడకు, విశాఖపట్నానికి కూడా మస్కట్ నుండి నేరుగా విమానాలు ఉండాలని కోరేవారి వాదన సమంజసమైనదే. గుంటూరు వెళ్ళవలసినవారు హైదరాబాదులో దిగితే రోడ్డు మీద మరో ఐదారు గంటలు పడుతుంది. దగ్గరలో దిగగలిగితే నిదానమైన మెట్లలో ఒకటి కురుచవుతుంది. ఐతే ఆ నిర్ణయం విమాన సంస్థలది, ప్రభుత్వాలది. కుటుంబాల చేతిలోనూ, తెలుగు సంఘాల చేతిలోనూ ఉన్న పనులు వేరే ఉన్నాయి.

మొదటిది, ప్రతి కుటుంబమూ తన గడప నుండి స్వగ్రామపు గడప వరకు పట్టే కాలాన్ని ఒక కాగితం మీద నిజాయితీగా లెక్కకట్టుకోవాలి. ఈ పనిని పిల్లలకు అప్పగించడం మంచిది. గ్లోబు, దారం, టిక్కెట్టు, గడియారం - ఇవే పరికరాలు. ఆ లెక్కను స్వదేశంలోని పెద్దలకు కూడా తెలియజేయాలి. మూడు గంటల్లో వస్తామని మాట ఇచ్చి రాలేకపోవడం కన్నా, ఒక రోజు పడుతుందని ముందే చెప్పి ఆ లోపల చూసుకునే బంధువునో, పొరుగువారినో ఏర్పాటు చేయడం ఉత్తమం.

రెండవది, నిదానమైన మెట్లను ముందే పూర్తిచేసి ఉంచడం. ఇంటిల్లిపాది పాస్‌పోర్టులలో కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండేట్లు చూసుకోవడం, పత్రాల నకళ్ళు ఒకచోట భద్రపరచడం, ఒక టిక్కెట్టుకు సరిపడా సొమ్మును ముట్టుకోకుండా ఉంచడం - ఇవి చిన్న విషయాలుగా కనిపించవచ్చు. కాని ఇవి ఆదా చేసే కాలం ముందు కాంకార్డ్ ఆదా చేసే గంటన్నర లెక్కలోనిది కాదు.

మూడవది సంఘాల బాధ్యత. కార్యాలయాలలో పనిచేసే కుటుంబాలకు ఈ ఏర్పాట్లు సాధ్యమే. శిబిరాలలో నివసించే శ్రామికులకు సాధ్యం కావు. అరబీ, ఆంగ్లం తెలియని వారికి ఏ పత్రం ఏ కార్యాలయంలో, ఏ క్రమంలో తీసుకోవాలో తెలియదు. ప్రతి తెలుగు సంఘంలోనూ ఈ క్రమాన్ని క్షుణ్ణంగా నేర్చిన నలుగురు సభ్యులుండి, వారి ఫోను నెంబర్లు శిబిరాలలో తెలుగులో వ్రాసి అంటించి ఉండాలి. ఆపదలో ఉన్న ప్రవాసుల కోసం భారత ప్రభుత్వం 2009లో నెలకొల్పిన భారతీయ సమాజ సంక్షేమ నిధి రాయబార కార్యాలయాల ద్వారా పనిచేస్తున్నది. నిరుపేదల భౌతికకాయాలను స్వదేశానికి చేర్చడానికి కూడా ఆ నిధి నుండి సహాయం కోరవచ్చు. ఈ సంగతి తెలియక చందాల కోసం తిరిగే మిత్రబృందాలకు ఒక్క ఫోనుతో ఆ రోజులు కలిసివస్తాయి. రసాయనశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే సంఘం ఇక్కడ ఉత్ప్రేరకం కావాలి; చర్యలో తాను ఖర్చు కాకుండా నిదానమైన మెట్టును త్వరపరచాలి.

పండుగలకూ, సాంస్కృతిక కార్యక్రమాలకూ సంఘాలు వెచ్చించే శ్రమ ప్రశంసనీయమైనదే. అందులో పదవ వంతు ఈ పనికి మళ్ళించినా ఏటా కొన్ని ఇళ్ళలో చివరి చూపు దక్కుతుంది. మహావృత్తాన్ని కురుచ చేయడం, జెట్ ప్రవాహాన్ని మళ్ళించడం, ధ్వని వేగాన్ని పెంచడం ఎవరి తరమూ కాదు. గడపకూ విమానాశ్రయానికీ నడుమ ఉన్న కాలం మాత్రం మనుషులు కల్పించినది; దానిని తగ్గించడం మనుషుల చేతిలో ఉన్నది. వచ్చే సర్వసభ్య సమావేశపు కార్యక్రమ పట్టికలో ఈ అంశానికి ఒక అరగంట కేటాయించి, ఆ నలుగురి పేర్లను అక్కడే నిర్ణయించడం తగిన ఆరంభం కాగలదు.